కొణతాలు నాగులేటికి వెళ్లే వేళ

కార్తీక అమావాస్య వస్తే కారంపూడి ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి నడుస్తుంది. ఐదు రోజులు, ఊరు ఊరంతా.

కార్తీకం కడపటి రోజులు. పల్నాడులో పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉంటాయి. తీతకు కూలీలు దొరకరు. మిరప తోటలకు తడులు పెట్టాలి, మందులు కొట్టాలి. రైతుకు ఇల్లు కదలడానికి తీరిక లేని కాలం. అయినా అమావాస్య దగ్గర పడేసరికి కొన్ని ఇళ్లలో పెద్దలు తలస్నానం చేసి, ఏడాదంతా పూజలో ఉంచిన ఒక ఆయుధాన్ని చేతుల్లోకి తీసుకుంటారు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు చుడతారు. దాన్ని భుజాన మోసుకుని కారంపూడి దారి పడతారు.

ఆ ఆయుధం పేరు కొణతం. దాన్ని తెచ్చేవాళ్లు ఆచారవంతులు. వీరాచారవంతులనీ అంటారు. పల్నాడు పల్లెల నుంచీ, చుట్టుపక్కల జిల్లాల నుంచీ, కృష్ణ దాటి తెలంగాణ నుంచీ వస్తారు. చూసేవాళ్లకు అది ఇనుము. మోసేవాళ్లకు తమ ఇంటి వీరుడు, ఒకనాడు ఈ పొలాల్లో నేలకొరిగి మళ్లీ ఇల్లు చేరని మనిషి. అందుకే ముందు ఆ మనిషికి స్నానం చేయిస్తారు. నాగులేటిలో గంగధారి మడుగు అని ఒక చోటుంది. డప్పుల మోతతో కొణతాలను అక్కడికి తీసుకెళ్లి నీళ్లాడించి, ఊరేగింపుగా వీరుల గుడికి చేరుస్తారు. తన చరిత్రకు ఇలా చేతులారా నీళ్లు పోసి, పసుపు రాసి, పేరు పెట్టి పిలిచే ఊరు నాకు ఇంకొకటి తెలియదు.

కారంపూడి పెద్ద ఊరేమీ కాదు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడిపోయి ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. ఓ పక్క గురజాల, ఓ పక్క మాచర్ల. కథలో అవి కత్తులు దూసుకున్న రెండు రాజధానులు. ఇప్పుడు ఒకే ఆర్టీసీ స్టాండులో పక్కపక్కనే కనిపించే రెండు బస్సు బోర్డులు. కావ్యంలో కారంపూడిని కార్యమపూడి అన్నారు. ఊరిని ఆనుకుని నాగులేరు పారుతుంది. కృష్ణలో కలిసే చిన్న ఏరు. యుద్ధం జరిగిన నాడు అది నెత్తురుతో ఎర్రబారిందని పాట చెబుతుంది.

ఇంతకీ ఏ యుద్ధం? తెలుగు నేల మీద పుట్టి పెరిగినవాళ్లకు కథ ఎంతో కొంత తెలుసు. తెలిసినా ఒకసారి తలచుకోవాలి.

హైహయ వంశపు అలుగురాజు కొడుకులు వేర్వేరు తల్లుల బిడ్డలు. నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో. దొడ్డనాయుడి కొడుకు బ్రహ్మనాయుడు మాచర్ల పక్షానికి పెద్దదిక్కు. గురజాల కొలువులో మంత్రాంగం నడిపింది జిట్టగామాలపాడు ఆడపడుచు నాయకురాలు నాగమ్మ. ఇద్దరి మధ్య పట్టుదల కోడిపందెం దాకా వచ్చింది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలని ఒప్పందం. మాచర్లవాళ్లు ఓడారు, పిల్లాజెల్లాతో, గొడ్డూగోదతో వలస పోయారు. గడువు తీరాక తమ భాగం తమకు ఇమ్మని అడగడానికి అలరాజును రాయబారం పంపారు. అతను నలగామరాజుకు స్వయానా అల్లుడు. చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు. ఆ తర్వాత ఆగేదేముంది? 1182 ప్రాంతంలో కార్యమపూడి దగ్గర అన్నదమ్ముల సేనలు తలపడ్డాయి. అన్నం పెట్టిన చేతులూ తిన్న చేతులూ ఒకేచోట మట్టిలో కలిశాయి. వేలనాటి ప్రభువులూ వాళ్ల సామంతులూ ఈ పోరుతో డస్సిపోయారు. ఓరుగల్లులో కాకతి రుద్రదేవుడికి తీరాంధ్ర వైపు దారి తెరుచుకోవడానికి ఈ యుద్ధం కూడా ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు.

పల్నాటి భారతం అంటారు దీన్ని. పోలిక బాగానే కుదురుతుంది. పందెం ఉంది, వనవాసం ఉంది, రాయబారం ఉంది, అభిమన్యుడిలాంటి బాలచంద్రుడు, బ్రహ్మనాయుడి కొడుకు, ఉన్నాడు. కానీ ఆ భారతాన్ని వ్యాసుడు చెప్పాడు, జనమేజయుడు విన్నాడు. ఈ భారతాన్ని మాలపల్లెలో పుట్టినవాళ్లు చెప్పారు, ఊరు విన్నది. ఈ తేడాను చిన్నదిగా చూడలేం. కారంపూడి పండుగకు ఆయువుపట్టు అక్కడే ఉంది.

రాచగావు నుంచి కల్లిపాడు దాకా

మొదటిరోజు రాచగావు. అమావాస్య రాత్రి. గావు అంటే బలి. యుద్ధానికి ముందు గ్రామశక్తులకు మొక్కుకోవడం. పోతురాజుకూ, వీరుల ఇలవేల్పు అంకాళమ్మకూ దండం పెట్టుకుని కొణతాలు కొలువుదీరతాయి. వీరులు కొలిచిన దేవుడు చెన్నకేశవుడు. విష్ణుభక్తులూ, గావు కోరే అమ్మవారూ ఒకే కొలువులో ఎలా ఇమిడారని పుస్తకాల వాళ్లకు సందేహం రావచ్చు. ఊరికి రాదు.

రెండోరోజు రాయబారం. ఆ రోజంతా అలరాజుదే. ఈ కథ పాడే వీరవిద్యావంతులు గొంతెత్తుతారు. కథకుడి చేతిలో కత్తి, వెనక పంబ మోత, తిత్తి ఊదే ఆగని శ్రుతి, తాళాల వేగం. పిల్లనిచ్చిన మామ కొలువుకు శాంతి అడగడానికి వెళ్లిన అల్లుడు శవమై తిరిగొచ్చాడు. అతని భార్య పేరమ్మ, నలగామరాజు కన్నబిడ్డ, భర్త చితి ఎక్కింది. పల్నాటి కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే ఘట్టం ఇదే. కత్తి పట్టి చచ్చినవాళ్లకు కనీసం కత్తి ఉంది. ఆ పిల్లకు ఏముంది? పుట్టింటి విషం, అత్తింటి చితి.

మూడోరోజు మందపోరు. వలసపోయిన మాచర్లవాళ్లకు మిగిలిన ఆస్తి ఆవుల మందలే. మండాది దగ్గర మేస్తున్న ఆ మందల మీదికి నాగమ్మ మనుషుల్ని ఉసిగొల్పింది. మందను కాస్తున్న లంకన్న అడ్డుపడి పోరాడి ఒరిగిపోయాడు. రాజు కాదు, నాయకుడు కాదు, పశువుల కాపరి. అతనికీ ఈ పండుగలో ఒక రోజుంది. చాపకూడు వడ్డించేది కూడా ఈ రోజే. దాని సంగతి తర్వాత తీరిగ్గా చెబుతాను.

నాలుగోరోజు కోడిపోరు. నాగమ్మ పుంజు సివంగిడేగ, బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. ఎనిమిది శతాబ్దాలు గడిచినా ఆ పుంజుల పేర్లు పల్నాడులో చిన్నపిల్లలు కూడా చెబుతారు. రెండు పుంజుల్ని బరిలోకి దించుతారు. సంక్రాంతి పందేల్లో ఉండే డబ్బు లెక్కలు ఈ బరిలో ఉండవు. ఎవరు ఓడతారో ముందే తెలిసిన పందెం ఇది. ఆ ఓటమి వల్ల ఎంతమంది చచ్చారో కూడా తెలుసు. తెలిసే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. కథ వరస చూడండి: ముందు కోడిపందెం, ఆ తర్వాత వలస, వలసలో మందల మీద దాడి, గడువు తీరాక రాయబారం, చివరికి యుద్ధం. పండుగ వరస ఇంకోలా ఉంది. రాయబారం రెండోనాడు, మందపోరు మూడోనాడు, కోడిపోరు నాలుగోనాడు. తలకిందులు! ఎందుకిలా పెట్టారో చెప్పే శాస్త్రమేదీ నా చేతికి దొరకలేదు. కానీ ఇంట్లో చావు జరిగినప్పుడు మనం ఎలా మాట్లాడుకుంటామో గుర్తుచేసుకుంటే నాకొకటి తోచింది. నిన్న ఏమైంది, అంతకుముందు ఏమైంది, అసలు ఈ గొడవ ఎక్కడ మొదలైంది అంటూ వెనక్కే వెళ్తాం. వెళ్లివెళ్లి ఒక చిన్న చోట ఆగుతాం. ఆ రోజు ఆ మాట అనకపోయుంటే, ఆ పందానికి ఒప్పుకోకపోయుంటే అనుకుంటాం. కారంపూడి కూడా ఏటా అలాగే వెనక్కి తవ్వుకుంటూ పోతుంది. విషం దగ్గర మొదలుపెట్టి, ఆవుల మందల మీదుగా, రెండు కోడిపుంజుల దగ్గరికి చేరుతుంది. మర్నాడు యుద్ధానికి దిగుతుంది.

ఐదోరోజు కల్లిపాడు. ఆ సంగతి చివర్లో.

ఒకే చాప

చాపకూడు అనే మాట పల్నాడు తెలుగుకు ఇచ్చిన కానుక. నేల మీద చాప పరిచి, ఎవరు ఏ కులమని అడగకుండా అందరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే పొయ్యి మీద వండిన కూడు పెట్టడం. బ్రహ్మనాయుడు ఈ పద్ధతి పెట్టాడని కథ చెబుతుంది. పంచములకు చెన్నకేశవుడి గుడి తలుపులు తెరిచాడని చెబుతుంది. మాల కన్నమదాసును తన పెద్దకొడుకుగా చేసుకుని, సేనాపతిని చేసి, చేతికి భైరవఖడ్గం ఇచ్చాడని చెబుతుంది. ఆ కథలో కన్నకొడుకు బాలచంద్రుడు చిన్నవాడు. పెద్దవాడు కన్నమదాసే. బాలచంద్రుడి వెంట యుద్ధానికి కదిలిన తమ్ముళ్లు కూడా ఒక కులంవాళ్లు కాదు. వాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతు ఉన్నాడు, చేతివృత్తుల కులాల పిల్లలున్నారు. ఒకే కంచంలో తిన్న పిల్లలు ఒకే బరిలో చచ్చిపోయారు.

12వ శతాబ్దంలో ఇదంతా అచ్చంగా ఇలాగే జరిగిందా? శాసనాలను సాక్ష్యం అడిగితే కొంతే చెబుతాయి. తెలుగు దేశంలో అది మతాల మథనం జరుగుతున్న కాలం. వీరశైవం, వీరవైష్ణవం జనంలోకి చొచ్చుకుపోతున్నాయి. కన్నడసీమలో బసవేశ్వరుడు కల్యాణంలో కులం గోడలు కూలగొట్టింది కూడా ఆ శతాబ్దంలోనే. కాబట్టి ఇలాంటి ఆలోచన ఆ గాలిలో ఉంది. దాన్ని మించి నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. కథను కాపాడుకొచ్చినవాళ్లు ఏ ముక్కను వదలకుండా పట్టుకున్నారో చూడాలి. రాజుల వంశావళిలో వాళ్లకు తడబాటు రావచ్చు. చాపకూడు దగ్గర, కన్నమదాసు దగ్గర తడబాటు లేదు. ఆ ముక్క తమది కనుక.

మందపోరు నాడు కారంపూడిలో ఆ కూడు వండుతారు. దూరాభారం నుంచి వచ్చినవాళ్లూ, ఊళ్లోవాళ్లూ, కులమతాల తేడా లేకుండా బంతి సాగుతుంది. కొందరు దాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుని తింటారు. ఇంటి దగ్గరున్న ముసలివాళ్లకు కొంచెం మూటగట్టుకునేవాళ్లూ ఉంటారు.

ఒక రోజు కలిసి తింటే సరిపోతుందా అని అడిగేవాళ్లున్నారు. అడగాలి కూడా. అప్పటి ఈ గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను వెంటాడి నరికారు. చాపకూడు పుట్టిన జిల్లా అనే మాట ఆ రోజు ఎవరినీ కాపాడలేదు. అందుకని చాపకూడును నేను తక్కువ చేయను. ఎనిమిది వందల ఏళ్ల కిందటే మనవాళ్లకు ఈ మాట తెలుసు, తెలిసీ ఇంత దూరం వచ్చాం అని గుర్తుచేసే చాప అది. దాన్ని చుట్టి అటక మీద పెట్టకుండా ఏటా పరిచే ఊరు ఒకటైనా ఉండటం మనకు అవసరం.

ఎవరి గొంతులో నిలిచింది

పల్నాటి వీరచరిత్ర అనగానే బడిలో చదువుకున్నవాళ్లకు శ్రీనాథుడు గుర్తొస్తాడు. రాజాస్థానాల్లో కనకాభిషేకాలు చేయించుకున్న 15వ శతాబ్దపు మహాకవి. పల్నాడు వచ్చి ఇక్కడి జొన్నకూటి మీద, నీళ్ల కరువు మీద చాటువులు చెప్పి విసుక్కున్నాడని లోకంలో ప్రచారం. అలాంటి కవి పేరు మీదే ఈ నేల వీరుల కథ మంజరీద్విపదలో నిలిచింది. సంస్కృత సమాసాల కవి దేశి ఛందస్సుకు దిగొచ్చాడంటే, పాడేవాళ్ల గొంతులో ఆ కథ అప్పటికే ఎంత బలంగా ఉండి ఉండాలి! క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే ఇద్దరు మిత్రులకు పల్నాటి వీరుల పాట వినిపిస్తుంది. అంటే యుద్ధం ముగిసిన రెండు మూడు వందల ఏళ్లకే పాట పల్నాడు పొలిమేర దాటి రాజధానికి చేరింది.

అచ్చులోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం తాళపత్ర ప్రతులు సేకరించి, పరిష్కరించి పల్నాటి వీరచరిత్రను ప్రచురించారు. తెలుగువాళ్లు తమ వీరుల్ని తామే మరిచిపోయారని బాధపడిన మనిషి ఆయన. ఆ బాధకు ఫలితం దక్కింది. నాటకాలు వచ్చాయి. మాలపల్లి రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు నాయకురాలు అనే నాటకం రాశారు. మాలపిల్ల సినిమా తీసిన గూడవల్లి రామబ్రహ్మం పల్నాటి యుద్ధం ఎత్తుకున్నారు. మధ్యలోనే ఆయన కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. 1947లో విడుదలైంది. అందులో నాగమ్మ కన్నాంబ, బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడు అక్కినేని నాగేశ్వరరావు. 1938లో మాలపిల్ల తీసిన మనిషి పల్నాటి కథ దగ్గరికి రావడం కాకతాళీయమని నేను అనుకోను. ఆయన వెతుక్కున్న చాప ఇక్కడ దొరికింది. 1966లో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా మరో పల్నాటి యుద్ధం వచ్చింది.

పుస్తకం, నాటకం, సినిమా ఎంత ప్రచారం తెచ్చినా కథ అసలు ఇల్లు వీరవిద్యావంతుల గొంతే. 1970లలో జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన వీరుల కథను విని, రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆ పుస్తకం వచ్చింది. రాత్రుళ్ల తరబడి సాగే పాట అంతా గాలెయ్యకు కంఠోపాఠం. పల్నాటి మాలపల్లెలో నిలిచిన ఒక గొంతు ప్రపంచంలోని విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు చేరింది. దీన్ని మనం పండుగ చేసుకున్నామా? గాలెయ్య పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీకైనా నోచుకోవాల్సింది.

కొణతం ఒక తరం నుంచి ఇంకో తరానికి తేలిగ్గానే చేరుతుంది. అది వస్తువు. తండ్రి పోతే కొడుకు పూజిస్తాడు. పాట అలా చేరదు. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన పంబ మోస్తూ, నిద్రమత్తులో వంత పలుకుతూ నేర్చుకోవాలి. పట్నంలో ఉద్యోగం చేసుకునే కొడుకును ఆ రాత్రుళ్లకు ఎవరు రమ్మనగలరు? రావడం లేదని ఎవరు తప్పుబట్టగలరు? కులం పేరు మీద పాటను వాళ్ల నెత్తిన పెట్టిన సమాజం, ఆ పాటకు కూలి గిట్టేలా ఏనాడూ చూడలేదు. ఉత్సవాలకు పందిళ్లు, లైట్లు, ప్రముఖుల రాకపోకలు ఏటేటా పెరుగుతున్నాయి. కథ చెప్పేవాడికి ఇచ్చే సంభావన కూడా ఆ లెక్కనే పెరగాలని కోరుకోవడం అత్యాశ కాదు.

నాగమ్మ లేకుండా పండుగ లేదు

తెలుగు ఊళ్లలో నోరున్న ఆడమనిషిని ఇప్పటికీ నాయకురాలు నాగమ్మ అంటారు. సగం తిట్టు, సగం భయం. రాజుల కొలువులో ఆడవాళ్లు రాణులుగానో దాసీలుగానో తప్ప కనిపించని కాలంలో ఒక పల్లెటూరి స్త్రీ మంత్రి పదవి చేపట్టి, మగ మంత్రిని ఎత్తుల్లో ఓడించి, యుద్ధంలో స్వయంగా నిలబడింది. ఇదే పని మగవాడు చేసి ఉంటే చాణక్యుడనేవాళ్లం. అలరాజు చావు పాపం కథ ఆమె ఖాతాలో వేసింది. ఆ పాపాన్ని నేను తుడవబోను. కానీ బ్రహ్మనాయుడి పక్షం చెప్పిన కథలోంచే మనం ఆమెను చూస్తున్నామని మరిచిపోకూడదు. గురజాలవాళ్ల కథకులు ఉండి ఉంటే వాళ్ల పాట ఎలా ఉండేదో!

అయినా ఒకటి గమనించాలి. ఆ కథలో కూడా బ్రహ్మనాయుడు గెలిచాక నాగమ్మను చంపలేదు. ప్రాణం విడిచిపెట్టాడు. కారంపూడి కూడా ఆమెను వెలివేయలేదు. సివంగిడేగ లేకుండా కోడిపోరు లేదు, నాగమ్మ లేకుండా ఐదు రోజులూ లేవు. ఆమె సొంతూరు జిట్టగామాలపాడులో ఆమెకు గుడి ఉంది. రెండు పక్షాలకూ దీపం పెట్టుకునే చోటు ఈ నేల మీద మిగిలింది.

పల్నాడు అనగానే బయటివాళ్లు పౌరుషం అంటారు. సినిమావాళ్లు కత్తులు, సుమోలు చూపిస్తారు. ఎన్నికల రోజున పత్రికలు ఫ్యాక్షన్ అంటాయి. పౌరుషం నిజమే. పుల్లరి పన్ను కట్టనని ఎదురుతిరిగి 1922 ఫిబ్రవరిలో తూటాలకు ఒరిగిన కన్నెగంటి హనుమంతు ఈ మట్టి మనిషే. అయితే కారంపూడిలో ఐదు రోజులు చూసినవాళ్లకు పౌరుషం కంటే ముందు ఇంకేదో తగులుతుంది. దాయాదుల కొట్లాట ఎక్కడికి పోతుందో ఈ ప్రాంతానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టం వినండి. యుద్ధం ఊసు తెలియనివ్వకుండా తల్లి ఐతాంబ అతన్ని దాచి పెంచింది. వీధిలో బొంగరాలాడుతుంటే ఆ బొంగరం పోయి ఒక కోమట్ల ఆడపిల్ల కాలికి తగిలింది. నొప్పితో ఆమె అన్న మాటతో అతనికి యుద్ధం సంగతి తెలిసింది. బొంగరం వదిలి కత్తి పట్టాడు. భార్య మాంచాల చేతుల మీదుగా బయల్దేరాడు. పల్నాడులో ప్రతి తల్లీ ఆ బొంగరం ముక్కను ఎలా వింటుందో నాకు తెలియనిది కాదు. పాటలో వీరరసం ఉంది. వినే అమ్మల కళ్లలో ఉండేది వేరు.

చివరి రోజు

కల్లిపాడు రణభూమి. ఐదోనాడు కొణతాలన్నీ అటు కదులుతాయి. నాలుగు రోజులుగా గుడి దగ్గర కొలువున్న ఆయుధాలు ఇప్పుడు యుద్ధానికి నడుస్తున్నాయి. డప్పుల వేగం పెరుగుతుంది. ఆచారవంతులకు ఆవేశం వస్తుంది. దారికి రెండు పక్కలా జనం, మేడల మీద జనం, చెట్ల మీద పిల్లలు. కాలేజీ కుర్రాళ్లు సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. వీరుల గుడి పీఠాధిపతి ముందు నడుస్తాడు. కొణతం మోసే మనిషి ఈపాటికి తాను కాదు, తన వీరుడు.

కల్లిపాడులో వాళ్లు నేలకొరుగుతారు. కథ లెక్కలో వీరనాయకులు 66 మంది. వాళ్లు పడిపోయినట్టే వీళ్లూ పడతారు. అప్పటిదాకా హోరెత్తిన చోట ఒక్క క్షణం డప్పు ఆగినప్పుడు ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట పోయినవాళ్ల కోసం.

కథలో దీని తర్వాత బ్రహ్మనాయుడు మిగిలాడు. గెలిచాడు. కొడుకు లేడు, పెంచుకున్న కొడుకు లేడు, అల్లుళ్లు లేరు, వెంట నడిచినవాళ్లు లేరు. ఎవరి మీద యుద్ధం చేశాడో ఆ నలగామరాజుకే రాజ్యం అప్పగించి, దగ్గర్లోని గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెబుతారు. మళ్లీ బయటికి రాలేదు. ఆ పట్టాభిషేకం పండుగలో లేదు. రాచగావుకు ఒక రోజుంది, రాయబారానికి ఒకటి, పశువుల కాపరికి ఒకటి, కోడిపుంజులకు ఒకటి, నేలకొరిగినవాళ్లకు ఒకటి. సింహాసనం ఎక్కినవాడికి కారంపూడి ఒక్క పూట కూడా కేటాయించలేదు.

సాయంత్రానికి మిఠాయి కొట్లవాళ్లు, బొమ్మల కొట్లవాళ్లు పరదాలు విప్పుతారు. వీరుల గుడి ముందు దీపాలు వెలుగుతుంటాయి. ఆచారవంతులు మళ్లీ మామూలు మనుషులై టీ తాగుతూ, పత్తి ధర గురించి, మిరపకు పట్టిన తెగులు గురించి మాట్లాడుకుంటారు. రాత్రి బస్సుల్లో, ఆటోల్లో ఎవరి ఊళ్లకు వాళ్లు బయల్దేరతారు. కొణతం మాత్రం కాళ్ల దగ్గర పెట్టరు. నిలువుగా, ఒళ్లో చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంటారు. ఇంటికి తీసుకెళ్తున్నారు.